చివకని ఎరువు వేరుకు చేటు: వ్యవసాయ, ఉద్యాన శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులకు, భూసార పరీక్షా కేంద్రాల సిబ్బందికి, సేంద్రియ ఎరువులు తయారుచేసేవారికి, అమ్మేవారికి,

నమస్కారం.

సేంద్రియ ఎరువుల వాడకం పెంచాలని మీరు చేస్తున్న ప్రయత్నాన్ని మేం మనసారా సమర్థిస్తున్నాం. మా ఫిర్యాదు వేరే. సేంద్రియ ఎరువు పేరుతో పొలానికి ఏం చేరుతోంది, చేరాక వేరు చుట్టూ ఉన్న శిలీంధ్రాలను అది ఏం చేస్తోంది అన్నది ఎవరూ చూడటం లేదు. ఈ సంగతులు ఇంతకుముందు విజ్ఞప్తులుగా రాసి ఇచ్చాం. అందినట్టు కూడా జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు రైతులందరి ముందూ పెడుతున్నాం.

ఎన్ని టన్నులు పంచారో లెక్క ఉంది. నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంత శాతమో లెక్క ఉంది. ఎరువు చివికిందా లేదా అన్నదానికి మాత్రం లెక్క లేదు. వేరు ఆరోగ్యం దగ్గర అసలు తేడా అక్కడే వస్తుంది. అదే పశువుల ఎరువు బాగా చివికితే మేలుచేసే శిలీంధ్రాలను పెంచుతుంది. పచ్చిగా వేస్తే కుళ్ళు తెగుళ్ళను పెంచుతుంది. "సేంద్రియం కదా, ఎంత వేసినా నష్టం లేదు" అన్న మాట ఊళ్ళలో బాగా పాతుకుపోయింది. అది తప్పని శాఖ తరఫున గట్టిగా చెప్పినవారు మాకు కనిపించలేదు.

ముందు విషయం, తర్వాత మా డిమాండ్లు.

1. వేరు దగ్గర ఎవరెవరున్నారు

భాస్వరం మట్టిలో దాదాపు కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తీసేసుకుంటే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం వెళ్ళి భాస్వరాన్ని, జింకును తెచ్చిపెట్టేవి మైకోరైజా శిలీంధ్రాలు. మన రైతులు వ్యామ్ అని పిలిచేది వీటినే. వీటి దారాలు వేరు నూగు కంటే చాలా సన్నం కాబట్టి వేరు దూరలేని సందుల్లోకి కూడా వెళ్తాయి. బదులుగా మొక్క వీటికి చక్కెరలు ఇస్తుంది. బతికున్న వేరు లేకపోతే ఇవి పెరగలేవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింద రాసినవాటిలో సగం అర్థమైపోతాయి.

ట్రైకోడెర్మా అనే ఇంకో మేలుచేసే శిలీంధ్రం తీరు వేరు. అది చివికిన సేంద్రియ పదార్థం మీద బతుకుతూ, తెగులు కలిగించే శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది, వాటికి చోటు, ఆహారం దక్కనివ్వదు.

వీటికి ఎదురుగా ఉన్నవి: వేరుశనగలో మొదలుకుళ్ళు తెచ్చే స్క్లీరోషియం, కందిలో ఎండు తెగులు తెచ్చే ఫ్యుసేరియం, బెట్టలో విజృంభించే మాక్రోఫోమినా, మిరప నారులో నారుకుళ్ళు, పసుపులో దుంపకుళ్ళు తెచ్చే పిథియం, చీనీ తోటల్లో బంక తెగులు తెచ్చే ఫైటాప్తోరా. చివరి రెండూ చూడటానికి శిలీంధ్రాల్లాగే ఉన్నా అసలైన శిలీంధ్రాలు కావు. మందు ఎంచుకునేటప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో నాలుగో అంశంలో చెబుతాం.

2. పచ్చి ఎరువు ఏం చేస్తుంది

వేరుశనగ చేలో చివకని పెంట, గడ్డి, ఆకు మట్టి పైపొరలో ఉండిపోతే స్క్లీరోషియం ముందు దాని మీద పెరిగి బలం పుంజుకుంటుంది, ఆ తర్వాత మొక్క మొదలుకు పాకుతుంది. చూస్తే తెలిసిపోతుంది: నేల మట్టం దగ్గర కాండం చుట్టూ తెల్లటి దారాలు విసనకర్రలా పరుచుకుంటాయి, కొన్నాళ్ళకు వాటి మీద ఆవగింజంత గోధుమరంగు గుండ్లు ఏర్పడతాయి. ఆ గుండ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి. అంటే ఒక సీజను తప్పు చాలా సీజన్ల తెగులుగా మారుతుంది.

పిథియం కూడా అంతే. పచ్చి పదార్థం కలిపిన కొద్ది రోజుల్లోనే దాని సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. పచ్చిరొట్ట కలియదున్నిన వెంటనే మిరప నారు నాటినా, కూరగాయ విత్తనం వేసినా మొలకలు పడిపోవడానికి ఇదే కారణం. మెట్ట పైర్లలో జనుము, జీలుగ, పిల్లిపెసర కలియదున్నాక రెండు మూడు వారాలు ఆగాలి. వరికి ఇంత గడువు అక్కర్లేదు. కానీ కరపత్రాల్లో రెండింటికీ ఒకే సలహా ఉంటోంది.

కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ ఉన్న పచ్చి ఎరువును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే వాడేసుకుంటాయి. పైరు పసుపు రంగుకు తిరుగుతుంది. రైతు యూరియా వేస్తాడు. లేత, మెత్తటి వేరు వస్తుంది, తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. ఇవి కాక పచ్చి పెంటతో పాటు వేరుపురుగు, చెదలు పొలానికి వస్తాయి. అవి కొరికిన గాయాల గుండా ఫ్యుసేరియం లోపలికి వెళ్తుంది. రైతుకు కనిపించేది ఎండిన మొక్క ఒక్కటే. మొదలు ఎక్కడ పడిందో చెప్పేవారు లేరు.

3. కోళ్ళ ఎరువు, భాస్వరం లెక్క

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాం, ఎందుకంటే లారీల కొద్దీ వెళ్తున్నది ఇదే.

ఎండిన కోళ్ళ ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 2.6 శాతం భాస్వరం ఉంటాయి. నీటి వసతి కింద మిరపకు ఎకరాకు సిఫారసు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 48 కిలోల పొటాష్. నత్రజని మొత్తం కోళ్ళ ఎరువుతోనే ఇవ్వాలనుకుంటే 4 టన్నులు వేయాలి. అప్పుడు భాస్వరం 104 కిలోలు పడుతుంది. కావలసినదానికి నాలుగు రెట్లకు పైన. సగం నత్రజని కోసం 2 టన్నులే వేసినా భాస్వరం రెట్టింపు దాటుతుంది. దాని మీద దుక్కిలో డీఏపీ రెండు బస్తాలు వేస్తే మరో 46 కిలోలు.

భాస్వరం ఎక్కువైతే నష్టమేమిటని అడుగుతారు. వేరుకు భాస్వరం తేలిగ్గా దొరికితే మొక్క మైకోరైజాకు చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది. వేరులో శిలీంధ్రం పట్టు తగ్గిపోతుంది. అప్పుడు జింకు అందడం కూడా తగ్గుతుంది, బెట్టను తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఏళ్ళ తరబడి డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు వేసి భాస్వరం పేరుకుపోయిన మిరప, పత్తి నేలల మీద ఈ కోళ్ళ ఎరువు పడుతోంది. ఆ నేలల్లోనే మళ్ళీ వ్యామ్ సంచులు అమ్ముతున్నారు. అంత భాస్వరంలో ఆ శిలీంధ్రం వేరులోకి వెళ్ళే అవకాశమే తక్కువ. రైతు రెండింటికీ డబ్బు కడుతున్నాడు.

పచ్చి కోళ్ళ ఎరువుతో ఇంకో ప్రమాదం అమ్మోనియా. కుప్ప దగ్గర నిలబడితే కళ్ళు మండుతున్నాయంటే అది వేరును కూడా కాల్చేస్తుందని అర్థం. దాన్ని ఊకతో గానీ వరిగడ్డితో గానీ కలిపి, కనీసం 45 నుంచి 60 రోజులు కంపోస్టు చేశాకే పొలానికి పోవాలి.

పోల్చి చూడండి: బాగా చివికిన పశువుల ఎరువులో సుమారు 0.5 శాతం నత్రజని, 0.2 శాతం భాస్వరం, 0.5 శాతం పొటాష్ ఉంటాయి. ఎకరాకు 10 టన్నులు వేస్తే 20 కిలోల భాస్వరం. మొదటి ఏడే అంతా అందదు, నిజమే. అయినా భూసార పత్రంలో భాస్వరం "ఎక్కువ" అని వచ్చిన పొలానికి ఆ పైన డీఏపీ అవసరమే లేదు. ఈ ఒక్క వాక్యం పత్రం మీద అచ్చువేస్తే రైతుకు రెండు బస్తాల ఖర్చు మిగులుతుంది, వేరులో శిలీంధ్రం కూడా మిగులుతుంది.

4. ట్రైకోడెర్మా పొలానికి చేరేలోపే చనిపోతోంది

ట్రైకోడెర్మా విరిడి పొడి మందులో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలి. కొట్లోకి వచ్చాక ఎన్ని ఉన్నాయి? ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో 40 డిగ్రీలు దాటిన వేడిలో నిల్వ ఉన్న పొట్లంలో ఆ సంఖ్య నిలవదు. ఇంకో చిక్కు: ట్రైకోడెర్మా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి, వ్యామ్, నత్రజనిని అందించే బాక్టీరియా అజోస్పైరిల్లం వంటివి 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తాయి. రైతుకు రెండూ ఒకే అరలో కనిపిస్తాయి. తనిఖీలో మాత్రం ఇవి రెండు వేర్వేరు దస్త్రాలు.

పొలంలో జరిగే తప్పులు మూడు.

మొదటిది వేడి. ట్రైకోడెర్మాను కలిపే పద్ధతి అందరికీ తెలిసినదే: 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా నీడలో కలిపి, తగినంత తడి చేసి, గోనెపట్టా కప్పి, మూడు రోజులకోసారి తిరగేస్తూ వారం పది రోజులు ఉంచి ఎకరానికి వేయాలి. కానీ ఎరువు ఇంకా మాగుతూ లోపల 50, 60 డిగ్రీల వేడి ఉన్నప్పుడే పొడి చల్లేస్తున్నారు. ఈ శిలీంధ్రానికి అనుకూలమైనది 25 నుంచి 30 డిగ్రీలు. కుప్పలో మోచేతి వరకు చెయ్యి పెడితే వెచ్చదనం తగలకూడదు, అప్పుడే కలపాలి. తడి ఎంతో చూడాలంటే పిడికెడు తీసుకుని గట్టిగా పిండాలి. ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. సరిగా కుదిరితే నాలుగైదు రోజులకు తెల్లటి దారాలు కనిపించి, తర్వాత ఆకుపచ్చగా మారుతుంది. జిగటగా, దుర్వాసనతో ఉంటే నీరు ఎక్కువై గాలి అందలేదు. దాన్ని వేయడం దండగ.

రెండోది కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని. ఈ మందు ట్రైకోడెర్మాను చంపేస్తుంది, మైకోరైజాను దెబ్బతీస్తుంది. కానీ పిథియం, ఫైటాప్తోరాల మీద పనిచేయదు. నారుకుళ్ళు కనిపించగానే కొట్టువాడు కార్బెండజిమ్ ఇస్తే, రైతు దాన్ని నారుమడి తడిసేలా పోస్తే, తెగులు అలాగే ఉంటుంది, దాన్ని అడ్డుకునే శిలీంధ్రం మాత్రం పోతుంది. పిథియానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు గానీ, మెటలాక్సిల్–మాంకోజెబ్ గానీ ఉన్నాయి. వీటిని పోసిన చోట ట్రైకోడెర్మా వేయాలంటే కొన్ని రోజులు ఆగాలి.

మూడోది కలపడం. యూరియాతో, డీఏపీతో కలిపి చల్లితే ఆ ఉప్పుకు శిలీంధ్రం బతకదు. విత్తనశుద్ధిలో కూడా ముందు రసాయన మందు పట్టించి ఆరబెట్టి, విత్తే ముందు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించాలి. ఆ రసాయన మందు కార్బెండజిమ్ కాకుండా చూసుకోవాలి.

5. వ్యామ్ సంచులు

మైకోరైజాను ట్రైకోడెర్మా మాదిరి సీసాల్లో మామూలు పోషకాల మీద పెంచలేరు. బతికున్న వేరు మీదే పెంచాలి. అందుకే కల్తీకి, నాసిరకానికి వీలెక్కువ. గోధుమరంగు పొడి సంచిలో ఏముందో రైతుకు కంటితో తెలియదు.

పైగా అన్ని పైర్లకూ ఇది పనికిరాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలు, ముల్లంగి, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ వేర్లలో ఈ శిలీంధ్రం పట్టదు. వాటికి అమ్మిన ప్రతి సంచీ రైతుకు నష్టమే. నీళ్ళు నిలిచిన వరిలో కూడా పట్టు తక్కువ. మిరప, టమాటా, పత్తి, మొక్కజొన్న, కంది, పసుపు, అరటి, చీనీ, మామిడిలో పనిచేస్తుంది. అక్కడ కూడా పొలమంతా చల్లేకంటే నారుమడిలో చదరపు మీటరుకు 100 గ్రాములు, విత్తనానికి రెండు మూడు సెంటీమీటర్ల కింద వేయడం మేలు. పాలిథిన్ సంచి మొక్కకైతే 5 నుంచి 10 గ్రాములు. నాటేసరికే వేరులో శిలీంధ్రం ఉంటుంది, ఖర్చు చాలా తగ్గుతుంది.

6. ఖాళీ నేల

పంట తీశాక ఆరేడు నెలలు నేల ఖాళీగా ఉంటే మైకోరైజాకు ఆధారం ఉండదు. వేసవి లోతు దుక్కి స్క్లీరోషియం గుండ్లను, పురుగుల కోశాలను ఎండకు పెట్టి చంపుతుంది. మేలుచేసే దారాలను కూడా తెంపేస్తుంది. మా అభిప్రాయంలో కిందటి పంటలో తెగులు గట్టిగా ఉన్న పొలానికే ఈ సలహా ఇవ్వాలి. మిగతా పొలాల్లో తొలకరికి ముందు నవధాన్యాలో, జొన్నో, అలసందో వేసి నేలలో వేరు ఉండేలా చూడటం మేలు.

ఈ నష్టం ఎవరి మీద పడుతోంది

1. ముందుగా కౌలు రైతు మీద. కౌలు ముందే కడతాడు. ఏడాది మాటకు తీసుకున్న పొలంలో రెండు మూడేళ్ళకు ఫలితమిచ్చే చివికిన ఎరువు వేసే స్థోమత అతనికి లేదు. అందుబాటులో ఉన్నది పచ్చి కోళ్ళ ఎరువు. అది చెడ్డదైతే ఆ ఏడాదే మునిగిపోతాడు, పొలం మాత్రం తెగులుతో సహా తర్వాతి రైతుకు పోతుంది.

2. మిరపలో కాపు మధ్యలో మొక్కలు ఎండిపోతే రైతుతో పాటు కోతకు వచ్చే ఆడకూలీలు కూడా ఉపాధి కోల్పోతారు. వాళ్ళకు ఏ బీమా లేదు.

3. వేరుకుళ్ళుకు వరసగా పోసే మందులు ఖర్చుతో ఆగవు. కాయలో అవశేషాలుగా మిగిలితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది, యార్డులో ధర పడిపోతుంది. మన వంటింట్లోకి వచ్చేదీ ఆ కాయే.

4. పసుపులో దుంపకుళ్ళు వస్తే పంటతో పాటు వచ్చే ఏటి విత్తనం కూడా పోతుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. మార్కెట్ గురించి మాట్లాడే ముందు దుంప మట్టిలో బతకాలి.

5. ఒకసారి సేంద్రియ ఎరువుతో దెబ్బతిన్న రైతు మళ్ళీ దాని వైపు చూడడు. చుట్టుపక్కల పదిమందికి చెబుతాడు. మీరు ఏళ్ళ తరబడి చేసిన ప్రచారం ఒక్క చెడ్డ లోడుతో పోతుంది.

మా డిమాండ్లు

1. అమ్మే, పంచే ప్రతి లోడుకూ చివికిందన్న పరీక్ష ఉండాలి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సిటీ కంపోస్టుకు కర్బనం–నత్రజని నిష్పత్తి 20 లోపు, లవణాలను సూచించే విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్ల లోపు అని ఉంది. సంచుల్లో అమ్మేదానికైనా ఆ మాత్రం హద్దులున్నాయి. లారీల్లో విడిగా వచ్చే కోళ్ళ ఎరువుకు సంచి లేదు, లేబులు లేదు, నమూనా తీసేవారు లేరు. కుప్ప వేసిన తేదీ, ఎన్నిసార్లు తిరగేశారు, 55 డిగ్రీల పైన ఎన్ని రోజులుంది అన్న మూడు వివరాలు రాసిన చీటీ ప్రతి లోడుతో రావాలి. వరుస కుప్పలకైతే 55 డిగ్రీల పైన 15 రోజులు, అందులో కనీసం 5 సార్లు తిరగేయడం అన్నది చాలా చోట్ల వాడుతున్న కొలత.

2. మొలక పరీక్షను ప్రతి రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో చేసి చూపాలి. ఒక పాలు ఎరువు, పది పాళ్ళ నీళ్ళు కలిపి గంటసేపు కదిలించి గుడ్డతో వడకట్టాలి. రెండు పళ్ళాల్లో కాగితం పరిచి, ఒకదాన్ని ఆ నీటితో, ఇంకోదాన్ని మంచినీటితో తడిపి, ఒక్కోదానిలో 20 ముల్లంగి గింజలు పెట్టి మూడు రోజులు చీకట్లో ఉంచాలి. మొలిచిన గింజల సంఖ్యను సగటు వేరు పొడవుతో గుణించాలి. ఉదాహరణకు మంచినీటిలో 19 గింజలు, 4 సెంటీమీటర్లు అయితే 76. ఎరువు నీటిలో 15 గింజలు, 2 సెంటీమీటర్లు అయితే 30. అంటే 39 శాతం. 80 శాతం దాటితే చివికినట్టు. 50 లోపు ఉంటే అది వేరుకు విషం, వెనక్కి పంపాలి. దీనికయ్యే ఖర్చు ముల్లంగి గింజలే. ఇది ఇన్నాళ్ళు ఎందుకు జరగలేదో మాకు అర్థం కావడం లేదు.

3. పేడ, సేంద్రియ వ్యర్థాల నుంచి గ్యాస్ తీసే కేంద్ర కార్యక్రమం గోబర్ధన్ కింద బయోగ్యాస్ ప్లాంట్ల నుంచి వచ్చే ఎరువుకు కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. తొట్టి నుంచి అప్పుడే బయటికి వచ్చిన మడ్డిలో అమ్మోనియా ఎక్కువ, గాలి తక్కువ. గాలి తగిలేలా ఆరబెట్టి మాగనిచ్చాకే ఆ సాయం అందేలా రాష్ట్రాలు షరతు పెట్టించాలి.

4. భూసార పత్రంలో వేరు పరీక్ష చేర్చాలి. 2015 నుంచి ఇస్తున్న పత్రంలో 12 అంశాలున్నాయి. ఒక్కటీ జీవానికి సంబంధించింది కాదు. ప్రతి రైతుకూ అక్కర్లేదు, ఊరికి కొన్ని నమూనా పొలాలు చాలు. పైరు పూతకు వచ్చే ముందు సన్న వేర్లు తీసి, కడిగి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేర్లు తేటపడే వరకు వేడి చేయాలి. చేతికి తొడుగులు తప్పనిసరి, అది చర్మాన్ని కాలుస్తుంది. మళ్ళీ కడిగి, ఇంట్లో వాడే వెనిగర్‌లో 5 శాతం నల్ల సిరా కలిపి మూడు నిమిషాలు మరిగించాలి. ఆ తర్వాత కాస్త వెనిగర్ చుక్కలు వేసిన నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. సూక్ష్మదర్శిని కింద పెడితే తేటపడిన వేరు లోపల సిరా రంగు పట్టిన దారాలు, కణాల లోపల చిన్న పొదల్లా చీలిన కొమ్మలు, అక్కడక్కడ గుండ్రటి తిత్తులు స్పష్టంగా కనిపిస్తాయి. సెంటీమీటరు ముక్కలు 100 చూసి, ఎన్నింటిలో శిలీంధ్రం ఉందో రాస్తే అదే శాతం. ఈ పద్ధతి 1998 నుంచి వాడుకలో ఉంది. కృషి విజ్ఞాన కేంద్రాల్లో సూక్ష్మదర్శినులు ఉన్నాయి, సిరా, వెనిగర్ ఊళ్ళోనే దొరుకుతాయి.

5. ట్రైకోడెర్మా, వ్యామ్ నమూనాలను తయారీ కేంద్రంలో కాక చిల్లర కొట్టులో, అందులోనూ మే, జూన్ నెలల్లో తీయాలి. ఫలితాన్ని బ్యాచ్ నంబరుతో సహా విత్తే లోపు బోర్డు మీద పెట్టాలి. ఆలస్యంగా వచ్చే ఫలితం ఆ సీజను రైతుకు పనికిరాదు. వ్యామ్ పట్టని పైర్ల పేర్లు సంచి మీద తెలుగులో అచ్చువేయాలి. జీవ ఉత్పత్తులను చల్లటి గదిలో ఉంచని కొట్టుకు వాటిని అమ్మే అనుమతి ఇవ్వకూడదు.

6. సేంద్రియ ఎరువు మోతాదును భాస్వరం లెక్కన చెప్పాలి. సలహాల్లో "కోళ్ళ ఎరువు ఎకరాకు ఇన్ని టన్నులు" అని ఊరకే రాయకుండా, భూసార పత్రంలో భాస్వరం ఎంతుందో చూసి చెప్పాలి. మిగిలిన నత్రజని వేరే మార్గంలో ఇవ్వాలి.

7. తెగులు ఏదో తేల్చకుండా కార్బెండజిమ్ రాసివ్వడం ఆపాలి. మండలానికి ఒకచోటైనా ఎండిన మొక్కను వేరుతో సహా తెస్తే రెండు రోజుల్లో కారణం చెప్పే ఏర్పాటు ఉండాలి. కొట్టువాడే వైద్యుడు కాకూడదు.

8. మహిళా సంఘాలకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు వ్యామ్ తయారీ నేర్పాలి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, అడుగు లోతు గుంతలో పాలిథిన్ పరిచి, 50 కిలోల వర్మిక్యులైట్ (తేలికపాటి ఖనిజ పదార్థం), 5 కిలోల శుద్ధిచేసిన మట్టి నింపి, పై పొర కింద కిలో మూల శిలీంధ్రం వేసి మొక్కజొన్న విత్తితే, 60 రోజులకు సుమారు 55 కిలోలు తయారవుతుంది. మూల శిలీంధ్రం మాత్రం పరీక్షించినదై ఉండాలి. తెగులున్న మట్టి వాడితే తెగులునే పంచినట్టవుతుంది.

9. పచ్చిరొట్ట, నవధాన్యాల విత్తనం తొలకరికి ముందే చేరాలి. జులైలో ఇచ్చిన జీలుగ విత్తనం మెట్ట రైతుకు ఉపయోగపడదు. కౌలు రైతుకు కూడా పొలం యజమాని సంతకంతో పని లేకుండా అందాలి.

వీటిలో 2, 5, 7, 9 అంశాలకు కొత్త చట్టం గానీ, పెద్ద బడ్జెట్ గానీ అక్కర్లేదు. వచ్చే ఖరీఫ్ విత్తనాలు మొదలయ్యే లోపు వాటిని అమలుచేయాలి. మిగతా అంశాల మీద ఏ శాఖ ఏది, ఎప్పటికి చేస్తుందో రాతపూర్వకంగా ప్రకటించాలి. మొలక పరీక్ష, వేరు పరీక్ష నేర్పడానికి ఏ మండలానికి పిలిచినా మేం వస్తాం, దానికి రుసుము ఏమీ అడగం. ఈ లేఖలో ఎక్కడైనా లెక్క తప్పనిపిస్తే ఏది తప్పో, సరైనదేమిటో అందరికీ తెలిసేలా చెప్పండి, సరిదిద్దుకుంటాం. మౌనాన్ని మాత్రం ఇక జవాబుగా తీసుకోలేం.

ఇట్లు,
నేల ఆరోగ్యం, వేరు తెగుళ్ళ మీద పనిచేస్తున్న రైతులు, వ్యవసాయ పట్టభద్రులు